పూటకు పది రొయ్యలు

బేగంపేటలో ఇళ్ళు మునిగి, జనాన్ని పడవల్లో బయటికి తెచ్చిన వరద ఉంది కదా. ఇది దానికి ముందటేటి సంగతి. అప్పుడు నేను హైటెక్ సిటీ రోడ్డు మీద ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాచ్‌మన్‌ని. నా పేరు ఓదెలు. మాది కరీంనగర్ జిల్లా, చేపలు పట్టే ఇల్లు. చెరువు వరుసగా నాలుగేళ్ళు ఎండితే నేనూ నా భార్య లచ్చమ్మా కొండాపూర్ వచ్చి పాత ఊళ్ళో ఒక గది కిరాయికి తీసుకున్నాం. వల కూడా సంచిలో వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ వల ఎందుకని లచ్చమ్మ అడిగింది. నేను సంచిని గదిలో పైన పెట్టేశాను.

మొదటి ఏడాది గేటు దగ్గర నిలబడ్డాను. పన్నెండు గంటలు, ఎండలో. సాయంత్రానికి మోకాళ్ళు వాచేవి. తర్వాత నన్ను లోపలికి మార్చి కుర్చీ ఇచ్చారు. దానికి కారణం చేప.

ఒక చేపల జంటను కంపెనీ యజమాని, మా పెద్దసారు, సింగపూర్ నుంచి తెప్పించాడు. లోపలికి రాగానే ఉండే హాల్లో గోడ పొడుగునా అద్దాల తొట్టి కట్టించాడు. తొట్టి అడుగున ఇసుక. ఇసుక మీద అవి రెండూ. చూస్తే చేపల్లా ఉండవు. అన్నం పళ్ళెమంత వెడల్పు, రొట్టెలా పలచన. గోధుమ రంగు ఒంటి నిండా పసుపు చుక్కలు. కళ్ళు పైన, నోరు కింద. వెనక పొడుగాటి తోక, తోక మీద ముల్లు. కంప్యూటర్ల దగ్గర పనిచేసే పిల్లలు వాటికి మౌస్‌ప్యాడ్‌లని పేరు పెట్టారు. ముల్లు గుచ్చుకుంటే దవాఖానే అని తెలిసి మిగతా వాచ్‌మన్లు ఎవరూ తొట్టిలో చెయ్యి పెట్టలేదు. చేపల పని ఎవరికి తెలుసని అడిగితే నేను చెయ్యెత్తాను.

తొట్టి పెట్టడానికి వచ్చిన షాపాయన కిష్టయ్య నాకు పని చూపించాడు.

"పూటకు పది రొయ్యలు, పెద్దయ్యా. ఒక్కోదానికి. రోజుకు రెండు పూటలు. తల తీసి, పొట్టు తీసి, ముక్కలు జేసి ఇసుక మీద పెట్టు. నడుమ నడుమ వానపాములు. తినంగ మిగిలింది గంటల తీసెయ్యాలె."

"ఎక్కువైతే?"

"నీళ్ళు కరాబైతయి. గా నీళ్ళల్నే అది సస్తది."

"తక్కువైతే?"

కిష్టయ్య అద్దం మీద వేలు పెట్టాడు. "గీ తోక మొదలు చూడు. రెండు దిక్కుల నడుం ఎముకలుంటయి. అవి పైకి తేలినయంటే ఆకలి. ఎముకల ఎనక గుంట వడ్డదంటే ఇగ ఫికర్ చెయ్యాలె. గిది నీ కొర్రమట్ట కాదు, బురదల పండుకొని వానకు ఎదురు చూడనీకె. తిండి లేకుంటే జల్ది పోతది."

పది రొయ్యలని కాగితం మీద రాసి తొట్టి పక్కన అంటించాడు. నేను మూడో తరగతి దాకా చదివాను. అంకెలు బాగానే చదువుతాను. కానీ రెండు నెలలు గడిచేసరికి కాగితం చూడటం మానేశాను. తోక మొదలు చూసేవాణ్ణి. ముక్క పెట్టగానే అది వచ్చి ఒంటితో కప్పేస్తుంది. నోరు మనకు కనపడదు. ఒళ్ళు అదురుతూ ఉంటే తింటోందని లెక్క. అంచు ఎత్తి పక్కకు జరిగిందంటే చాలని. ఒకరోజు ఎనిమిదికే జరుగుతుంది, ఒకరోజు పన్నెండు అడుగుతుంది. అది జరిగినప్పుడు నేను ఆపేవాణ్ణి.

రొయ్యలు క్యాంటీన్ ఫ్రిజ్‌లో ఉండేవి. క్యాంటీన్‌లో వంట పద్మావతిది. బందరు వైపు మనిషి. మొదటి రోజు రొయ్యలు తెచ్చి ఇస్తూ తొట్టి దగ్గరే నిలబడిపోయింది.

"ఇది టేకు చేప కదా బాబాయ్! మా వైపు బాలింతలకి వండి పెడతారు, పాలు పడతాయని. నా చేత్తో ఎన్ని కోశానో. ఇలా బతికున్నదాన్ని చూడ్డం ఇదే మొదలు."

"గుడ్లు ఎప్పుడు పెడ్తది బిడ్డా?"

"గుడ్లేంటి బాబాయ్, పిల్లల్నే కంటుంది. ఒకసారి కోస్తే లోపల నాలుగు పిల్లలు, అప్పడాల్లా చుట్టుకుని ఉన్నాయి. ఆ పూట నాకు అన్నం దిగలేదు."

రెండింటిలో ఒకటి మగది. జూలైలో అది ఆడదాని వెంట పడి అంచులు కొరికింది. నాలుగైదు రోజులు ఆడదాని ఒంటి మీద పళ్ళ గాట్లు కనిపించాయి. ఆ నెలాఖరులో ఒక ఆదివారం కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. తొట్టిలోకి గాలి కొట్టే మోటారు ఆగిపోయింది. మగది చచ్చిపోయింది. ఆడది మిగిలింది.

దసరాకు దాని వీపు ఉబ్బడం మొదలైంది. తోక మొదలుకు కాస్త ముందు, నడుం మీద. తిండి కూడా పెరిగింది. పది సరిపోలేదు. పన్నెండు పెట్టాను, తర్వాత పద్నాలుగు. పద్మావతి ఒకరోజు వంగి చూసి నా వైపు చూసింది. నేను తలూపాను. అంతే. కడుపు సంగతి ముందుగా చాటకూడదని మా ఇళ్ళలో అలవాటు. ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణేమో. ఎవరూ అడగలేదు.

పెద్దసారు అప్పటికి అమెరికా పోయి మూడు నెలలు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయట, ఆ పని మీద. ఆఫీసు మంచీచెడ్డా అంతా చలపతిరావు సార్ చూసేవాడు. గుంటూరు ఆయన. నుదుట విభూతి లేకుండా ఎప్పుడూ కనపడలేదు. మంచి మనిషి. వర్షంలో తడిసి వస్తే తన తువ్వాలు ఇచ్చేవాడు.

దీపావళి రోజు ఆయన క్యాంటీన్‌కి వచ్చాడు. నేను రొయ్యల కోసం అక్కడే ఉన్నాను.

"పద్మావతీ, ఫ్రిజ్ ఖాళీ చేసి కడిగెయ్యమ్మా. రేపట్నుంచి కార్తీకం. నెల్లాళ్ళు ఈ బిల్డింగ్‌లోకి నీచు రాకూడదు."

"వంటకి సరేనండి. మరి చేపకండీ?"

"దానికీ అంతే."

నేను చేతిలో గిన్నె పట్టుకుని నిలబడ్డాను. "అది రొయ్యలే తింటది సార్."

"అలవాటు చేస్తే పనీర్ తింటుందయ్యా. పాలతో చేసిందే కదా, బలం. నానేసిన శనగలు వెయ్యి. అయినా దాన్ని చూశావా? మేపి మేపి దిండులా చేశావు. నెల్లాళ్ళు ఒంటిపూట ఉంటే దానికే మంచిది. నేను ఉండటం లేదూ?"

పద్మావతి నా వైపు చూసింది, చెప్పమని. అక్కడ ఇంకో నలుగురు ఉన్నారు. నాకు నోరు పెగల్లేదు. ఒక్క ముక్క చెప్పి ఉంటే అయిపోయేది.

మొదటి రోజు పనీర్ ముక్కలు పెట్టాను. వచ్చి కప్పింది. ఒళ్ళు అదిరింది. వెంటనే జరిగిపోయింది. ముక్కలు సబ్బు బిళ్ళల్లా ఇసుక మీద అలాగే ఉన్నాయి. రెండో రోజు శనగలు, మూడో రోజు ఉడికించిన క్యారెట్. అదే కథ. అన్నీ గంటలో జల్లెడతో ఎత్తేవాణ్ణి.

నాలుగో రోజు నుంచి అది ఇసుక మీద నిలవలేదు. అద్దం వెంట పైకి లేచేది, ఒళ్ళంతా కొట్టుకుంటూ నీటి పైదాకా వెళ్ళేది, దిగేది, మళ్ళీ లేచేది. అలా లేచినప్పుడు తెల్లటి అడుగు భాగం అద్దానికి ఆనేది. నోరు తెరుచుకుని మూసుకునేది. ఆఫీసు పిల్లలు గుంపుగా చేరారు.

"అరే చూడు, మౌస్‌ప్యాడ్ డాన్స్ చేస్తోంది!"

"నవ్వుతోంది రా! ఫోటో తియ్యి, ఫోటో!"

ఆ నోరు నవ్వడం లేదు. అడుగుతోంది. నేను వెళ్ళి బయట నిలబడ్డాను. బయటా నిలవలేకపోయాను. పక్కన రోడ్డుకోసం కొండను పేల్చేవాళ్ళు. పొద్దున పదింటికి, సాయంత్రం నాలుగింటికి ఈల వేసి మందు పెట్టేవాళ్ళు. ఆ చప్పుడుకు అద్దం వణికేది. ఇంతకుముందు చప్పుడుకు అది ఇసుకలోకి దూరేది. ఇప్పుడు దూరడం లేదు. అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అది ఒక కొస నుంచి ఇంకో కొసకు పోతే నేనూ పోయేవాణ్ణి. కుర్చీలో కూర్చున్నది గుర్తులేదు.

ఆరో రోజు ఎముకలు తేలాయి. ఏడో రోజు వాటి వెనక గుంటలు పడ్డాయి. నడుం మీద ఉబ్బు మాత్రం అలాగే ఉంది. నడిమి భాగం నిండుగా, తోక మొదలు ఎండిపోయి. అలాంటి ఒళ్ళు నేను ఇంతకుముందు ఒకసారి చూశాను. కరువు ఏడాది. లచ్చమ్మకు ఏడో నెల. ఆ బిడ్డ మాకు దక్కలేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి పళ్ళెం ముందు కూర్చుని లేచాను. మళ్ళీ కూర్చున్నాను.

"ఏందయ్యా, కూసుంటవు, లేస్తవు. గదిని కొలుస్తున్నవా?" అంది లచ్చమ్మ. "జొన్నరొట్టె కరుస్తదా ఏంది?"

"తింట తియ్యి."

"వారం నుంచి గిట్లనే పరేషాన్ చేస్తున్నవ్. నోట్ల మాట ఎట్లాగు లేకపాయె, ఇప్పుడు కాళ్ళు గూడ నిలుస్తలేవు. ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఎవలు ఏమనలె."



మరునాడు గంట ముందుగానే ఆఫీసుకు పోయాను. క్యాంటీన్ వెనక గిన్నెలు కడిగిన నీళ్ళు పారే చోట మట్టి తడిగా ఉంటుంది. బిస్కెట్ల డబ్బా, చిన్న గడ్డపార తీసుకుని తవ్వాను. ఆ కాస్త తడిలో దొరికినవి ఆరు వానపాములు. మిగతా నేలంతా మొరం, రాయి. పాముల్ని కడిగి పొడుగాటి పటకారుతో ఇసుక మీద పెట్టాను. అది రావడం నేను చూడనే లేదు. కప్పేసింది. ఆరూ పోయాయి. అంచు ఎత్తలేదు. ఇంకా కావాలని అక్కడే అదురుతూ ఉండిపోయింది.

తొమ్మిదో రోజు మళ్ళీ తవ్వాను. నాలుగే దొరికాయి. మూడోది పెడుతుండగా వెనక తలుపు తీసిన చప్పుడైంది. చలపతిరావు సార్. అంత పొద్దున ఆయన ఎప్పుడూ రాడు. చొక్కా గుండీలు సరిగ్గా లేవు. నుదుట విభూతి లేదు.

"ఏంటయ్యా అది? పటకారులో ఏంటది?"

పాము ఇంకా మెలికలు తిరుగుతోంది. దాచడానికి లేదు.

"వానపాము సార్."

"ఎప్పట్నుంచి పెడుతున్నావు?"

"నిన్నటి సంది."

ఆయన తిట్టలేదు. తిడతాడనుకున్నాను. అక్కడే నా కుర్చీలో కూలబడ్డాడు.

"నిన్నట్నుంచా... నిన్నట్నుంచేనయ్యా అక్కడా మొదలైంది. నిన్న సాయంత్రమే."

నాకు అర్థం కాలేదు. పాము జారి నీళ్ళలో పడింది. చేప దాన్ని కప్పేసింది. ఆయన అది చూసి కళ్ళు మూసుకున్నాడు.

"మా అమ్మాయి ఉమాశ్రీ గుంటూరులో ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళకి నిలిచింది. ముందు రెండు పోయాయి. ఇప్పుడు ఏడో నెల. నిన్న సాయంత్రం నొప్పులొచ్చాయట, హాస్పిటల్లో పడుకోబెట్టారు. తెల్లవారుజామున ఫోన్ చేశారు. నేను మొక్కుకున్నానయ్యా. శివుడి ముందు నోటితో అన్నాను. ఈ కార్తీకం నెల్లాళ్ళూ నా చేతి కింద ఒక్క ప్రాణి కూడా తిండి కోసం పోకూడదని. ఇంట్లో అయినా, ఆఫీసులో అయినా. నా చేతే కాదు, నా కింద పనిచేసే వాళ్ళ చేతులు కూడా. ఎవరికీ చెప్పలేదు. ఇలాంటివి చెప్పకూడదు కదా."

"అవు సార్. చెప్పరాదు."

"నువ్వు రెండు రోజుల్నుంచి నా కిందే ఉండి..." మాట పూర్తి చేయలేక గడ్డం పట్టుకున్నాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను. జీవితంలో నేను ఎక్కువ మాట్లాడిన రోజు అదే అయ్యుంటుంది.

"సార్, ఒక్కసారి ఇటు రాండ్రి."

"ఎందుకయ్యా."

"రాండ్రి సార్."

వచ్చాడు. నేను కిష్టయ్య పెట్టిన చోటే అద్దం మీద వేలు పెట్టాను. "గీ ఎముకలు చూడుండ్రి. దీపావళి నాడు ఇవి లేవు. గీ ఎనక గుంటలు చూడుండ్రి. ఇవీ లేవు. ఇప్పుడు గీ నడుం చూడుండ్రి."

"లావుగానే ఉందిగా."

"లావైతే తోకకాడ గుంట ఎట్ల వడ్తది సార్? అది కొవ్వు కాదు. కడుపు."

ఆయన నా వైపు చూశాడు. మళ్ళీ తొట్టి వైపు చూశాడు. అది ఇసుక మీద ఆగి ఉంది, పాము అయిపోయింది, ఇంకొకటి వస్తుందేమోనని. నడుం మీద చర్మం కింద ఏదో ఒకసారి చిన్నగా పొంగి సద్దుకుంది. లోపల మడత విప్పి మళ్ళీ చుట్టుకున్నట్టు. ఇద్దరం చూశాం.

"ఎన్నో నెల?" అన్నాడు ఆయన.

"వీటికి నెలలు ఎట్లనో నాకు తెల్వది సార్. జూలైల కలిసినయి."

"నాకెందుకు చెప్పలేదయ్యా?"

"ఇసొంటివి చెప్పరాదు కద సార్."

ఆయనకు నవ్వో ఏడుపో వచ్చింది. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తొట్టి ముందు అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. నేను వారం రోజులుగా నడిచిన దారే.

"పెట్టమంటే నా చేత్తో నేనే మొక్కు చెరుపుకున్నట్టు. అక్కడ పిల్ల మంచం మీద ఉంది. పెట్టొద్దంటే... కడుపుతో ఉన్నదాన్ని మాడ్చినవాణ్ణవుతాను. ఏది చేసినా తగిలేది దానికే. ఉమకే. నేనేం చెయ్యను, ఓదెలూ?"

నాకూ తెలియలేదు. చేప మళ్ళీ అద్దం ఎక్కడం మొదలుపెట్టింది. తెల్లటి అడుగు, తెరుచుకుంటున్న నోరు. ఆయన చూడలేక గోడ వైపు తిరిగాడు.

"సార్, మీ మొక్కు మీ చేతి కిందున్నోళ్ళకే కద?" అన్నాను.

"అవును."

"నేను లేకుంటే?"

"అంటే?"

"నన్ను తీసెయ్యుండ్రి. గప్పుడు నా చెయ్యి నాది. నేను బయటోన్ని. బయటోడు వచ్చి చేపకు రెండు రొయ్యలు పెట్టి పోతే గా పాపం మీకు అంటదు. రొయ్యలు పట్టుడు మా తాతల కాంచి ఉన్న పనే సార్. మాకు కొత్తగా వచ్చేదేం లేదు."



"ఉద్యోగం పోతుందయ్యా. ఏజెన్సీ వాళ్ళు రేపే ఇంకొకణ్ణి పంపుతారు. ఈ కుర్చీలో వాడు కూర్చుంటాడు. నెల పోయాక మళ్ళీ పెట్టుకుంటానని కూడా నేను అనలేను. అంటే అది నాటకం అవుతుంది. దేవుడికి తెలీదా?"

"మాట అడుగుతలేను సార్."

"ఇంట్లో ఏం చెబుతావు?"

తొట్టి పక్కన అంటించిన కాగితం ఊడదీశాను. పది రొయ్యలు, రెండు పూటలు అని ఉన్న దాని వెనక వైపు తెల్లగా ఉంది. ఆయన జేబులోంచి పెన్ను ఇచ్చాడు. నేను కూర్చుని రాశాను. రాయడానికి చాలాసేపు పట్టింది. 'నేను ఈ దినం నుండి మీ పనిలో లేను. ఎర్రోళ్ళ ఓదెలు.' ఆయన దాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. నాకు సిగ్గనిపించి అటు తిరిగాను. నీలం చొక్కా విప్పి మడిచి కుర్చీ మీద పెట్టాను. బనీను మీద ఇంటికి నడిచాను.

లచ్చమ్మ గిన్నెలు తోముతోంది. పొద్దున్నే చొక్కా లేకుండా వచ్చిన నన్ను చూసి చెయ్యి ఆపింది.

"తీసేసిన్రా?"

"నేనే ఇడిసిన."

"ఏందీ?"

చెప్పాను. నాలుగు మాటల్లో అయిపోయింది. ఆమె బూడిద చేతులతోనే లేచింది.

"చేపకు తిండి పెట్టనీకె నీ తిండి ఇడిసినవా? మస్తు తెలివి! పట్నమంత దవులాడితే గిసొంటోడు ఇంకొకడు దొరకడు. రేపటి సంది మనమేం తినాలె, గా పనీరా?"

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. తిట్లు అయ్యేదాకా ఆగాను.

"నడుం ఎముకలు తేలినయే," అన్నాను. "కడుపు మాత్రం గట్లనే ఉన్నది."

ఆమె మళ్ళీ గిన్నె అందుకుంది. తోముతూ తోముతూ ఆగింది. నా వైపు తిరగకుండానే అడిగింది.

"కడుపునిండ తినక ఎన్ని దినాలైంది?"

"తొమ్మిది."

చేతులు కడుక్కుంది. పెట్టె మీదికెక్కి పైనుంచి వల సంచి దించింది. వలను గది నిండా పరిచింది. రెండేళ్ళలో ఎలుకలు నాలుగు చోట్ల కొరికాయి.

"గీ చిరుగులల్ల నీ రొయ్యలు ఆగుతయా? కూసో. గా కొస నువ్వు పట్టు, గీ కొస నేను కుడ్త."

సాయంత్రం దీపం పెట్టే వేళకు వల తయారైంది.

మరునాడు తెల్లారకముందే కొండాపూర్ అవతల కుంటకు పోయాను. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి, చల్లగా. మూడుసార్లు వల విసిరితే తుంగ తప్ప ఏమీ రాలేదు. భుజం పట్టేసింది. నాలుగోసారి గట్టు పక్కన వేశాను. చిన్న రొయ్యలు, వేలెడు లేవు, ఇరవై దాకా పడ్డాయి. నీళ్ళు పోసిన బకెట్‌లో వేసి నడిచాను.

గేటు దగ్గర రాజయ్య ఉన్నాడు. నాతో పాటు చేరినవాడే. బకెట్‌లోకి చూసి నవ్వాడు.

"ఏమే ఓదెలన్నా, నౌకరి ఇడిసి చాపలమ్ముడు వెట్టినవా?"

"లోపటికి పోవాలె."

"ఇగ నువ్వు విజిటర్‌వు. రిజిస్టర్ల రాయాలె." పుస్తకం ముందుకు తోశాడు. "పేరు రాయి. ఊరు రాయి. గీడ ఎవల్ని కలుస్తవో రాయి."

పేరు రాశాను. కొండాపూర్ అని రాశాను. మూడో గడిలో 'టేకు చేప' అని రాశాను. రాజయ్య చదివి గేటు తీశాడు. ఐదు రొయ్యలు చిన్న గిన్నెలోకి తీసుకుని, బకెట్‌ను గేటు బయట నీడలో పెట్టి, చూసుకోమని చెప్పాను.

నా కుర్చీలో కొత్త మనిషి ఉన్నాడు. లేవబోతే వద్దన్నాను. చలపతిరావు సార్ హాలు అవతలి కొసన, మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. నుదుట విభూతి ఉంది. దగ్గరికి రాలేదు. నేనూ పలకరించలేదు. నేనిప్పుడు ఆయనకు ఏమీ కాను కదా.

పొట్టు తీసి, ముక్కలు చేసి, పటకారుతో ఒకటి పెట్టాను. వచ్చి కప్పింది. రెండోది. మూడోది. నాలుగోదాని కోసం అంచు ఎత్తకుండా అదురుతోంది. నేను పటకారు తీసేశాను. మాడిన కడుపును ఒక్కసారే నింపకూడదు. నింపితే కక్కేస్తుంది. ఆ సంగతి కాగితంలో లేదు.

"తిందా?" అన్నాడు ఆయన అక్కడి నుంచే.

"తిన్నది సార్."

"ఎన్ని?"

"మూడు."

"అంతేనా? పది కదా?"

"ఇయ్యాల మూడే. సాయంత్రం ఐదు. రేపు చూస్త." మెట్ల వైపు తిరిగి అడిగాను. "అమ్మాయికి ఎట్లున్నది?"

"నొప్పులు ఆగాయట. మంచం దిగొద్దన్నారు."

పదయింది. బయట ఈల వినిపించింది. కొండ పేలింది, అద్దం వణికింది. అది అద్దం ఎక్కలేదు. అంచులు ఆడించి ఇసుకను ఒంటి మీదికి లాక్కుని అందులోకి దూరింది. కళ్ళు రెండే బయట మిగిలాయి.

మిగిలిన రెండు రొయ్యలను తీసుకెళ్ళి బకెట్‌లో వేసి వచ్చాను. విజిటర్లు కూర్చునే కుర్చీ మెత్తగా ఉంటుందని అంతకుముందు తెలియదు. అందులో కూర్చున్నాను, సాయంత్రం పూట కోసం.